ముందు నీళ్లు చూడండి: సరిహద్దు జిల్లాల్లో పాతకాలపు ఫోటో ప్రింటుకు ఏ పద్ధతి?

సయనోటైపా, వాన్‌డైకా, సాల్ట్ ప్రింటా, గమ్మా? కాగితానికి చేత్తో మందు పూసి, దాని మీద నెగటివ్ పెట్టి, ఎండలో ఆరబెట్టినట్టు పెట్టి బొమ్మ తెప్పించే ఈ పాత పద్ధతుల మీద మనసు పడ్డవాళ్లు మొదట చూసేది రంగు. నీలం నచ్చితే ఒకటి, ముదురు గోధుమ నచ్చితే మరొకటి. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం మీదుగా బరంపురం దాకా, ఇటు పాతపట్నం నుంచి పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ దాకా ఉన్నవాళ్లకు మాత్రం రంగు ఆఖరి సంగతి. మీ ఇంటి నీళ్లు, మీ ఊరి తేమ ఏ పద్ధతిని బతకనిస్తాయో చూసుకుని, ఆ మిగిలినవాటిలో రంగు ఎంచుకోవాలి. బయటి దేశాల పుస్తకాల కొలతలు చల్లటి, పొడి గదిని తలచుకుని రాసినవి. అవే కొలతలు ఆగస్టులో సోంపేటలో పాటిస్తే కాగితం నెగటివ్‌కు అతుక్కుపోతుంది.

ఒక భయం ముందే తీసేద్దాం. వీటికి అసలైన డార్క్‌రూమ్ అక్కర్లేదు. ఈ మందులు స్పందించేది అతినీల కాంతికి, నీలి కాంతికి. కిటికీకి దుప్పటి కట్టి, పసుపుపచ్చటి చిన్న బల్బు వెలిగించుకుంటే చాలు. పాత ట్యూబ్‌లైటు మాత్రం ఆర్పేయండి.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

నీళ్లు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు బావుల్లో ఉప్పదనం కొత్త విషయం కాదు. అందులోని క్లోరైడు, వాన్‌డైక్, సాల్ట్ ప్రింట్ల మందులో ఉండే సిల్వర్ నైట్రేట్‌ను కలిసిన క్షణంలోనే పాలలాంటి తెల్లటి తెట్టు అవుతుంది. అది సిల్వర్ క్లోరైడు; అంటే మీరు కొన్న వెండి గిన్నె అడుగున కూర్చుందన్నమాట. పరీక్ష తేలిక. గాజు గ్లాసులో ఆ నీళ్లు 50 మి.లీ. తీసుకుని, సిల్వర్ నైట్రేట్ ద్రావణం రెండు చుక్కలు వేయండి. తేటగా ఉంటే మందు కలపడానికి పనికొస్తుంది, మసకబారితే పనికిరాదు. క్యాన్ నీళ్లు శుద్ధమైనవేగా అనుకోవద్దు. చాలా క్యాన్లు ఈ పరీక్షలో ఓడిపోతాయి. సముద్రం దగ్గర పట్టిన వాన నీళ్లలోనూ కొంత ఉప్పు ఉంటుంది. బ్యాటరీ దుకాణంలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ 5 లీటర్లు తెచ్చుకోవడం మేలు. మందులు కలపడానికి అది నెలల తరబడి వస్తుంది.

రెండో సంగతి కాఠిన్యం. పాత్రల మీద తెల్లటి పొర కట్టే నీళ్లు క్షారగుణం కలవి. అవి వెండికన్నా సయనోటైపు నీలానికి ఎక్కువ హాని. వెండి పద్ధతుల్లో ఇనుము కాగితంలోంచి పూర్తిగా వదలకుండా పసుపు మరకగా ఉండిపోవడానికీ అవే కారణం.

తేమ. వర్షాకాలంలో తీరంలో గాలి తేమ 80 శాతం దాటడం మామూలే. కాగితం పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ దాచుకుంటుంది. తేమ ఎక్కువైతే మందు నెగటివ్‌కు అంటుతుంది, మరీ తక్కువైతే నీడభాగాలు గట్టిపడవు. కోరాపుట్, పొట్టంగి కొండల మీద డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే పొడి గాలి కొన్ని పద్ధతులకు వరమే. పూలగుత్తులకు చుట్టే పలుచటి పారదర్శక ప్లాస్టిక్ ముక్క ఒకటి కాగితానికీ నెగటివ్‌కూ మధ్య పెడితే నెగటివ్ దక్కుతుంది. బొమ్మ పదును రవ్వంత తగ్గుతుంది, అంతే.

ఎండ. మనం 18, 19 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. సూర్యుడు మే మధ్యలో ఒకసారి, జులై చివర్లో ఇంకోసారి నడినెత్తికి వస్తాడు. రెండోసారి మబ్బులే ఎక్కువ కనిపిస్తాయి గనుక లెక్కలోకి తీసుకోకండి. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకు మించి రాడు కాబట్టి మే నెలకన్నా దాదాపు రెట్టింపు సమయం పట్టొచ్చు. వానాకాలమూ పని ఆగకూడదంటే, మిఠాయి దుకాణాల్లో పురుగుల్ని ఆకర్షించే యంత్రాల్లో వాడే 365 నానోమీటర్ల ట్యూబులు నాలుగు పక్కపక్కన బిగించి పెట్టె చేయించుకోండి.

నెగటివ్. ఇవన్నీ కాంటాక్ట్ ప్రింట్లు, అంటే నెగటివ్‌ను కాగితానికి ఆనించి తీసేవి. ప్రింటు ఎంత కావాలో నెగటివూ అంతే ఉండాలి. డీటీపీ సెంటర్లో ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్) మీద లేజర్ ప్రింటు తీయిస్తే సయనోటైపుకూ గమ్‌కూ సరిపోతుంది. దాని నలుపు పలుచన, కాబట్టి అదే బొమ్మను రెండు షీట్ల మీద తీయించి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చి వాడండి. వెండి పద్ధతులకు ఇంకా గట్టి నెగటివ్ కావాలి. ఇంక్‌జెట్ షీటు మీద అన్ని రంగుల సిరాలూ వాడి తీసింది మంచిది. లేజర్ షీటును ఇంక్‌జెట్‌లో పెడితే సిరా చుక్కలు చుక్కలుగా కారిపోతుంది, దుకాణంవాళ్లకు ముందే చెప్పండి.

కాగితం. ఎక్కువ డ్రాయింగు కాగితాల్లో సుద్ద కలుపుతారు. అది క్షారం. కాగితం మూల మీద సిట్రిక్ ఆమ్లం ద్రావణం చుక్క వేసి చూడండి, బుడగలొస్తే సుద్ద ఉన్నట్టే. అలాంటిదాన్ని 10 శాతం సల్ఫామిక్ ఆమ్లంలో బుడగలు ఆగేదాకా నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టాలి. ఆర్చెస్ ప్లాటిన్, హానెమూలె ప్లాటినం ర్యాగ్ లాంటివి ఈ పనికోసమే సుద్ద లేకుండా చేస్తారు. బాగుంటాయి, ఖరీదూ బాగానే ఉంటుంది. నేర్చుకునేటప్పుడు మాత్రం 300 జీఎస్ఎమ్ నూలు వాటర్‌కలర్ కాగితం, సల్ఫామిక్ స్నానం చాలు.

ఫ్రేము పటాలు కట్టే దుకాణంలో చేయించుకోవచ్చు. 5 మి.మీ. మామూలు అద్దం, వెనక రెండు ముక్కలుగా మడిచే చెక్క అడగండి. సగం తెరిచి బొమ్మ ఎంత వచ్చిందో చూడటానికి ఆ మడత కావాలి. రంగు అద్దం వద్దు.

## ఒక్క చూపులో

| | సయనోటైపు | వాన్‌డైక్ బ్రౌన్ | సాల్ట్ ప్రింట్ | గమ్ బైక్రోమేట్ |
|---|---|---|---|---|
| రంగు | నీలం | ముదురు గోధుమ | ఎర్రటి గోధుమ నుంచి ఊదా | మీరు కలిపిన రంగు |
| 8×10 అంగుళాలకు వెండి | లేదు | సుమారు 0.08 గ్రా. సిల్వర్ నైట్రేట్ | సుమారు 0.24 గ్రా. | లేదు |
| ఉప్పునీళ్లు | పర్వాలేదు | మందుకు, కడుగుడుకు రెంటికీ చెడ్డవి | మందుకు చెడ్డవి, మొదటి కడుగుడుకు పర్వాలేదు | పర్వాలేదు |
| కఠిన జలం | చెడ్డవి | చెడ్డవి | కొంత చెడ్డవి | పర్వాలేదు |
| వర్షాకాలం | కుదురుతుంది | జాగ్రత్తగా | జాగ్రత్తగా | వద్దు |
| నెగటివ్ | మధ్యస్థం | గట్టిది | చాలా గట్టిది | మెత్తనిది |
| ఒక ప్రింటుకు సమయం | గంట | రెండు గంటలు | మూడు గంటలు | రెండు మూడు రోజులు |
| విషం | తక్కువ | చర్మానికి, కళ్లకు జాగ్రత్త | చర్మానికి, కళ్లకు జాగ్రత్త | ఎక్కువ |

## సయనోటైపు

1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. మరుసటి ఏడాదికే అన్నా అట్కిన్స్ సముద్రపు నాచుల్ని దీనితో ముద్రించడం మొదలుపెట్టింది. తర్వాత ఇంజనీర్ల ఆఫీసుల్లో బ్లూప్రింటుగా వందేళ్లు బతికింది.

కొలతలు: ఒక సీసాలో ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ (ఆకుపచ్చ రకం) 25 గ్రా., నీళ్లు 100 మి.లీ. అయ్యేదాకా. రెండో సీసాలో పొటాషియం ఫెర్రీసయనైడ్ 10 గ్రా., అదీ 100 మి.లీ. దాకా. విడివిడిగా గోధుమరంగు సీసాల్లో ఉంచి, వాడే ముందు సమానంగా కలపాలి. 8×10 అంగుళాల ప్రింటుకు ఒక్కోదానిలోంచి ఒక మి.లీ. చాలు. అంటే 100 గ్రా. సిట్రేట్‌తో 400 ప్రింట్ల దాకా లెక్కకు వస్తాయి, పారబోతలు తీసేసినా 300కు లోటుండదు. మొదటి సీసాలో మన వేడికి బూజు తేలుతుంది. పారేయనక్కర్లేదు, కాఫీ ఫిల్టరుతో వడకట్టి వాడండి.

పూత పసుపుపచ్చగా ఆరాలి. ఆరకముందే ఆకుపచ్చ, నీలం తిరిగితే కాగితంలో తేమో, దుమ్ములో ఇనుమో, సీసాలో పాత మందో కారణం. ఎండలో మే మధ్యాహ్నం 5 నుంచి 8 నిమిషాలు, డిసెంబరులో 12 నుంచి 15. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నీడభాగాలు నీలం దాటి బూడిదరంగు, కంచురంగు తిరిగేదాకా ఆగాలి, ఎందుకంటే కడిగేటప్పుడు సగం రంగు పోతుంది. కడిగే తొట్టె మొదటి నీళ్లలో లీటరుకు ఒక చెంచా సిట్రిక్ ఆమ్లం గానీ నాలుగు చెంచాల వెనిగర్ గానీ కలపండి. కఠిన జలం ఉన్న ఊళ్లలో ఇది తప్పనిసరి. లేకపోతే మేఘాలు, ముఖంలోని మధ్య ఛాయలు కళ్లముందే కరిగిపోతాయి. అయిదు, పది నిమిషాలు కడిగితే చాలు. గంటలకొద్దీ పంపు కింద పెడితే నీలం బలహీనపడుతుంది.

నీలం విసుగొస్తే కరక్కాయ ఉంది. బరంపురం అంగళ్లలో హరిడా అనండి. 20 గ్రా. కచ్చాపచ్చాగా దంచి, లీటరు నీళ్లలో మరిగించి, చల్లార్చి వడకట్టాలి. ముందు ప్రింటును లీటరుకు 5 గ్రా. వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో నీలం పోయి లేత పసుపు మిగిలేదాకా ముంచి, కడిగి, అప్పుడు కషాయంలో వేయాలి. ఇనుము, టానిన్ కలిసి నల్లటి గోధుమ అవుతుంది. కాగితం తెలుపూ కొద్దిగా పసుపు తిరుగుతుంది, కరక్కాయ గుణమే అంత. వెండి ఖర్చు లేకుండా గోధుమరంగు కావాలనుకున్నవాళ్లకు ఇంతకన్నా చవక దారి లేదు.

బట్ట మీద చేసేవాళ్లకు పొందూరు ఖద్దరు బాగా పట్టుతుంది, కానీ గంజి పూర్తిగా పోయేదాకా వేడినీళ్లలో ఉడకబెట్టాలి. తర్వాత ఆ బట్టను సబ్బుతో, సోడాతో ఉతికితే నీలం పసుపవుతుంది. చొక్కా చేయించుకుని చాకలికి వేసేవాళ్లు ఈ పద్ధతి జోలికి రావద్దు.

భద్రత విషయంలో ఒక్కటే గట్టి నియమం. ఫెర్రీసయనైడ్‌ను బాత్‌రూమ్ ఆసిడ్‌తో కలపకూడదు, నిప్పుల మీద వేడి చేయకూడదు; విషవాయువు పుడుతుంది. సిట్రిక్, వెనిగర్‌లతో ఆ ఇబ్బంది లేదు.

## వాన్‌డైక్ బ్రౌన్

సయనోటైపు చేయి తిరిగినవాళ్లకు సహజంగా వచ్చే రెండో మెట్టు. ఇనుము ఇక్కడా ఉంది, కాకపోతే అది వెండిని బొమ్మగా దింపి తాను కడుగుడులో పోవాలి. ఈ పద్ధతిలో తప్పులన్నీ దాదాపుగా ఆ ఇనుము పూర్తిగా పోకపోవడం వల్లే వస్తాయి.

మూడు గిన్నెలు, ఒక్కోదాంట్లో 33 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. ఒకదాంట్లో ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 9 గ్రా., రెండోదాంట్లో టార్టారిక్ ఆమ్లం 1.5 గ్రా., మూడోదాంట్లో సిల్వర్ నైట్రేట్ 3.8 గ్రా. మొదటి రెండూ కలిపి, అందులోకి వెండి ద్రావణాన్ని సన్నగా కలుపుతూ పోయాలి. తెల్లటి తెట్టు పుట్టి మళ్లీ కరిగిపోతుంది. కరగకుండా ఉండిపోతే నీళ్లలో ఉప్పుందని అర్థం. గోధుమరంగు సీసాలో రెండు మూడు రోజులు ఊరనిచ్చి వాడితే నీడలు గట్టిగా వస్తాయి. 25 గ్రా. సిల్వర్ నైట్రేట్‌తో 8×10 ప్రింట్లు మూడు వందలకు పైగా లెక్క తేలుతాయి. సాల్ట్ ప్రింటుకైతే అదే వెండి వందకు ఆగిపోతుంది. వెండి ధర పెరిగినప్పుడల్లా ఈ తేడా గుర్తొస్తుంది.

పూయడానికి లోహపు పట్టీ ఉన్న కుంచె వాడకండి. ఇనుము రవ్వ తగిలిన ప్రతిచోటా నల్లచుక్క మొలుస్తుంది. గాజు కడ్డీ అలవాటు చేసుకుంటే మందు మూడోవంతు ఆదా.

ఎండలో పసుపు నుంచి నారింజ గోధుమకు తిరుగుతుంది. వెలుగుభాగాల్లో వివరం లేతగా కనబడితే తీసేయండి. ఆరాక ఇంకా ముదురుతుంది. తర్వాత వరుస ఇలా: ఒక శాతం సిట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో రెండు సార్లు, ఒక్కోసారి మూడు నిమిషాలు. నీళ్లు పాలలా మారడం ఆగిపోవాలి. ఆ తర్వాత మామూలు నీళ్లు. అప్పుడు 5 శాతం హైపో (సోడియం థయోసల్ఫేట్)లో రెండు మూడు నిమిషాలు. ఇక్కడ గోధుమ ఒక్కసారిగా ముదురుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అక్కడే నిలబడిపోతే మాత్రం హైపో బొమ్మను తినడం మొదలుపెడుతుంది. ఆపైన ఒక శాతం సోడియం సల్ఫైట్‌లో మూడు నిమిషాలు, చివరికి 40 నిమిషాల కడుగుడు.

సిట్రిక్ లేకుండా నేరుగా బోరు నీళ్లలో వేస్తే క్షారానికి ఇనుము కాగితపు పోగుల్లోనే తుప్పుగా స్థిరపడుతుంది. వారం బాగుంటుంది. ఆరు నెలలకు వెలుగుభాగాలు పసుపెక్కి, నీడలు లేత గోధుమకు దిగుతాయి. వాన్‌డైక్ నిలవదన్న పేరు దీనివల్లే వచ్చింది. అందులో సగం అన్యాయం.

సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే నల్లమచ్చ వారం పోదు. కంట్లో పడితే చూపే పోవచ్చు. గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయకండి.

## సాల్ట్ ప్రింట్

ఇంగ్లండుకు చెందిన టాల్బట్ 1839లో లోకానికి చెప్పిన పద్ధతి. ఫోటో కాగితాలన్నిటికీ మూలం ఇదే. ఉప్పు దొరక్క ఎవరూ ఇబ్బందిపడని ప్రాంతం మనది, నౌపడ మడులు ఒకపక్క, గంజాం మడులు మరోపక్క. రాళ్ల ఉప్పుతో ప్రింటు వస్తుంది కూడా. దానిలోని మెగ్నీషియం చెమ్మ లాగుతుంది కాబట్టి తడి ఉప్పు తూచితే కొలత తప్పుతుంది. పెనం మీద వేయించి, చల్లార్చి తూచండి, నీళ్లలో కరిగాక వడకట్టండి. అయోడిన్ కలిపిన పొట్లం ఉప్పు వద్దు, అందులో గడ్డకట్టకుండా కలిపేవీ ఉంటాయి.

లీటరు నీళ్లకు ఉప్పు 20 గ్రా., జెలటిన్ 8 గ్రా. గోరువెచ్చగా ఉండగా కాగితాన్ని ముంచి ఆరబెట్టాలి. జెలటిన్ ఎముకల సరుకని ఇంట్లో వద్దంటే పాలగుండ 20 నుంచి 30 గ్రా. ఉడికించి వాడండి. అదీ పాత పద్ధతే, పైపెచ్చు మెరుపు తక్కువగా మెత్తటి నునుపు వస్తుంది. ఉప్పు కాగితం వెలుతురుకు ఏమీ కాదు, నెలల తరబడి నిలవ ఉంటుంది. ప్రింటు తీసే రోజున మాత్రమే 12 శాతం సిల్వర్ నైట్రేట్ 2 మి.లీ. పూసి, గంటా రెండు గంటల్లో వాడేయాలి. మన వేడికి మర్నాటికి దానంతటదే గోధుమరంగు తిరుగుతుంది. వెండి ద్రావణంలో 3 నుంచి 4 శాతం సిట్రిక్ ఆమ్లం కలిపితే ఇంకొన్ని గంటల వెసులుబాటు.

వాన్‌డైక్‌కు శత్రువైన ఉప్పునీళ్లు ఇక్కడ పని చేసిపెడతాయి. ఎండలోంచి తీసిన ప్రింటును మొదట కావాలనే ఉప్పునీళ్లలో ముంచుతారు, మిగిలిన సిల్వర్ నైట్రేట్ క్లోరైడుగా మారితే తర్వాత హైపో దాన్ని తేలిగ్గా తీసేస్తుంది. కాబట్టి ఉప్పుబావి ఇళ్లవాళ్లు వెండి పద్ధతే కావాలనుకుంటే, సీసాలోకి డిస్టిల్డ్ వాటర్ కొనుక్కుని, తొట్టెలోకి బావినీళ్లు వాడుకుని సాల్ట్ ప్రింటు చేయొచ్చు. చివరి కడుగుడు మాత్రం ఉప్పులేని నీళ్లతో.

ఇబ్బంది నెగటివ్‌తో. సయనోటైపుకు తీసిన నెగటివ్ ఇక్కడ పెడితే బూడిద ముద్ద వస్తుంది. చాలా గట్టి, తేడా ఎక్కువున్న నెగటివ్ కావాలి. పాత స్టూడియోల్లో మిగిలిన గాజు నెగటివ్‌లలో కొన్ని అంత గట్టిగా ఉంటాయి. అలాంటివి చేతిలో ఉన్నవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా ఈ పద్ధతే పట్టుకోవాలి. చెమ్మ కాగితానికి గాజుపలకను మాత్రం నేరుగా తగిలించకండి, పైన చెప్పిన ప్లాస్టిక్ షీటు మధ్యలో పెట్టాల్సిందే.

హైపో 10 శాతం, లీటరుకు 2 గ్రా. వాషింగ్ సోడా కలిపి, రెండు తొట్టెల్లో నాలుగేసి నిమిషాలు. రంగు దిగిపోతుంది కాబట్టి ఎండలోనే బాగా ముదరనివ్వాలి. బంగారు క్లోరైడుతో టోనింగు (బొమ్మ రంగు మార్చే ముంచుడు) చేస్తే ఊదా రంగు, నిలకడ రెండూ వస్తాయి. అది ఖర్చున్నవాళ్ల మాట.

## గమ్ బైక్రోమేట్

జిగురు, నీటిరంగు, బైక్రోమేటు కలిపి పూస్తే, ఎండ తగిలినచోట జిగురు గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్లలో కరిగిపోతుంది. 1855లో ఫ్రాన్సుకు చెందిన ప్వాతెవాన్ పేటెంటు తీసుకున్న ఊహ. ఫలితం ఫోటోకూ చిత్రానికీ మధ్యలో ఉంటుంది. శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల ఫోటో ఎమల్షన్ దీనికి దగ్గరి చుట్టమే. వాళ్ల దుకాణంలో ఒక పూట కూర్చుంటే వెలుతురు పెట్టడం, కడగడం కళ్లతో చూసి నేర్చుకోవచ్చు.

జిగురు ఎంపికలో జాగ్రత్త. మన ఏజెన్సీ సంతల్లో తపసి జిగురు విరివిగా దొరుకుతుంది. అది నీళ్లలో కరగదు, ఉబ్బుతుంది, కాబట్టి ఈ పనికి రాదు. తుమ్మజిగురు కరుగుతుంది, రాశి రాశికీ తీరు మారుతుంది. తెల్లటి ముక్కలు ఏరి 33 గ్రా. 100 మి.లీ. నీళ్లలో రెండు రోజులు నానబెట్టి గుడ్డతో వడకట్టాలి. పొటాషియం బైక్రోమేటు 10 నుంచి 13 శాతం ద్రావణం. రెండూ సమపాళ్లు, రంగు చిటికెడు. కాగితాన్ని ముందే వేడినీళ్లలో నానబెట్టి కుదించాలి, లేకపోతే రెండో పూతకు నెగటివ్ సరిపోదు. ఎండలో 3 నుంచి 6 నిమిషాలు, తర్వాత బోర్లా నీళ్ల మీద తేలనివ్వాలి, అరగంట, ముప్పావుగంట. మూడు నాలుగు పూతలకు గానీ నిండు బొమ్మ రాదు.

వర్షాకాలం వద్దనడానికి కారణం ఉంది. బైక్రోమేటు కలిసిన జిగురు చీకట్లో కూడా మెల్లగా గట్టిపడుతుంది. వేడి, తేమ ఆ పనిని తొందర చేస్తాయి. జులైలో తీరప్రాంతంలో పూసి గంట ఆగితే కడిగేటప్పుడు వెలుగుభాగాలు కూడా ఊడవు, బొమ్మంతా మురికి తెర. కొండ ఊళ్లలో జనవరిలో అదే కాగితం హాయిగా ఓపిక పడుతుంది.

ఇక విషం. బైక్రోమేటులో ఉన్నది ఆరువేలెన్సీ (హెక్సావేలెంట్) క్రోమియం, క్యాన్సర్ కారకం. ఒడిశాలో సుకిందా లోయ క్రోమైటు గనుల నీళ్ల గొడవ తెలిసినవాళ్లకు ఎక్కువ చెప్పక్కర్లేదు. పొడి తూచేటప్పుడు మాస్కు, ఎప్పుడూ గ్లోవ్స్. వంటింటి గిన్నెలు, చెంచాలు వాడకూడదు. మిగిలిన ద్రావణంలో సిట్రిక్ ఆమ్లం, సోడియం మెటాబైసల్ఫైట్ కలుపుతూ పోతే నారింజ రంగు ఆకుపచ్చ అవుతుంది. ఆపైన సున్నం వేస్తే ముద్దగా కూర్చుంటుంది. ఆ ముద్దను మూత బిగిసే డబ్బాలో ఉంచాలి. దొడ్లో పారబోయడం, బావి పక్కన కడగడం కుదరదు. కిడ్నీ జబ్బులతో ఉద్దానం ఇప్పటికే పడుతున్నది చాలు. ఈ ఏర్పాటు చేయలేనివాళ్లు, చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు గమ్‌ను వదిలేయండి. బడుల్లో అసలే వద్దు.

## అడిగేవాళ్లుంటారు కాబట్టి

ప్లాటినం, పల్లాడియం ప్రింట్లు నిలకడలో అన్నిటికన్నా మేలు. ఒక్క ప్రింటు పాడైతే కలిగే బాధా అన్నిటికన్నా ఎక్కువే. వాన్‌డైక్ వంద ప్రింట్లు తప్పుల్లేకుండా వచ్చాక ఆలోచించండి. కాలిటైపు (ఇనుము, వెండితోనే చేసే మరో పద్ధతి) రుచి తెలిసినవాళ్లకు బాగుంటుంది, కానీ ఫెర్రిక్ ఆక్సలేటు మన వేడిలో త్వరగా చెడుతుంది.

ఆంథోటైపు, అంటే ఆకు పసరుతోనో పసుపుతోనో తీసే ప్రింటు, పిల్లల చేత చేయించడానికి బంగారం. పసుపుపొడిని సర్జికల్ స్పిరిట్‌లో కలిపి వడకట్టి పూసి, ఆకు పెట్టి ఎండలో కొన్ని గంటలు ఉంచితే చాలు, ఎండ తగిలినచోట రంగు వెలుస్తుంది. ఫిక్స్ చేసే దారి లేదు. గోడకు తగిలిస్తే మిగతాదీ వెలిసిపోతుంది.

## ఎవరికి ఏది

కాశీబుగ్గలోనో టెక్కలిలోనో డాబా ఉన్న కాలేజీ కుర్రాడికి, ఇంతకుముందు ఒక్క ప్రింటూ తీయనివాళ్లకు సయనోటైపు, అనుమానం లేదు. మొదటిసారికి సిట్రేట్ 100 గ్రా., ఫెర్రీసయనైడ్ 50 గ్రా., సిట్రిక్ ఆమ్లం అరకిలో తెప్పిస్తే ఏడాది గడుస్తుంది.

పాత నెగటివ్‌ల పెట్టెలున్న స్టూడియోవాళ్లకు సాల్ట్ ప్రింటు. కొనేవాళ్లకు ఇవ్వాలనుకుంటే బంగారు టోనింగు లేకుండా ఇవ్వొద్దు. తీరంలో గాలి చెమ్మకు హైపో మరక తొందరగా బయటపడుతుంది. అమ్మే ప్రింట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, కాగితపు మడతల్లో సిలికా జెల్ పొట్లంతో ఇవ్వండి.

ఇంట్లో తేట నీళ్లు ఉన్నవాళ్లు, అంటే సిల్వర్ నైట్రేట్ పరీక్ష నెగ్గినవాళ్లు, గోధుమరంగే కావాలంటే వాన్‌డైక్. ఆ పరీక్ష ఓడినవాళ్లు మొండిగా దిగితే ప్రింటు కడగడానికి మోయాల్సిన క్యాన్లే విసుగు పుట్టిస్తాయి. వాళ్లకు కరక్కాయ టోనింగు చేసిన సయనోటైపు మేలు.

రంగులు కలపడం వచ్చిన చిత్రకారులకు గమ్, అదీ కోరాపుట్, రాయగడ వైపు ఉండి, చలికాలంలో పని చేసుకోగలిగితే. వాళ్లకొక దగ్గరి దారి: మొదటి పొర సయనోటైపు వేసి, దాని మీద గమ్ పూతలు వేయండి. నీలం పొర నీడల్ని, గీతల్ని పట్టుకుంటుంది కాబట్టి నాలుగు పూతల పని రెండింటితో తీరుతుంది, బైక్రోమేటు వాడకమూ సగానికి పడుతుంది. మధ్యలో ఎక్కడా వాషింగ్ సోడా నీళ్లు తగలనివ్వకండి, కింద నీలం లేచిపోతుంది. నెగటివ్ మూలలు, కాగితం మూలలు కలిపి మొదటి పొరకు ముందే రెండు చోట్ల గుండుసూదితో రంధ్రాలు పొడిచి పెట్టుకుంటే, కడిగి ఆరబెట్టాక రెండో పొరకు మళ్లీ ఆ రంధ్రాల్లోనే సూదులు దూర్చి నెగటివ్‌ను సరిగ్గా కూర్చోబెట్టొచ్చు.